నంబర్ మీద పసుపు కుంకుమ

"ఇంటికి ఒక్కరే అని మైకుల చెప్పిన్రు. ఆ ఒక్కడు గణేష్. ఇగ ఈ ముచ్చట నా ముంగట తియ్యొద్దు."

ఆ మాట అనేసి హన్మంతు గడప మీద కూర్చున్నాడు. ఆ ఇంట్లో గడప మీద ఎవరు కూర్చున్నా ముందుగా కసిరేది ఆయనే. అలాంటి మనిషి పొద్దున్నే, చాయ్ కూడా తాగకుండా, తలుపుకు అడ్డంగా కాళ్లు చాపి, తువ్వాల ఒళ్లో పెట్టుకొని మరీ కూర్చున్నాడంటే, కూతురు చేవెళ్లకు ఎట్లా పోతుందో చూస్తానని అందరికీ చెప్పినట్టే.

మమత లోపలి గోడకు ఆనుకొని నిలబడి ఉంది. వారం కింద వాళ్ల ఊరు హిమాయత్‌నగర్‌లో పోలీసులు టెంటు వేసి ఊళ్లోని పిల్లలందరినీ పిలిచారు. పోలీసు ఉద్యోగాలకు తయారయ్యేవాళ్లకు తిండీ పడకా ఇచ్చి ఉచితంగా శిక్షణ ఇస్తామన్నారు. చేవెళ్ల కాలేజీ గ్రౌండులో పరుగు పెట్టి, అందులో నెగ్గినవాళ్లలో ఇంటికి ఒక్కరినే తీసుకుంటామన్నారు. ఆ రోజు నుంచి ఈ పిల్లకు వేరే ధ్యాస లేదు. ఆ పరుగు ఈరోజే.

"ఉరికి చూస్తే తప్పేమున్నది బాపూ."

"ఇయ్యాల భూపాల్ పటేల్ తోటకు క్యారట్ లారీ వస్తది. క్యారట్ కడిగే తొట్టి కాడ నువ్వు లేకుంటే ఎట్ల? ఆడికి పో."

"అన్న ఉరుకొచ్చు గాని నేను ఉరుకొద్దా?"

"మీ అన్న మూడేండ్ల సంది ఉరుకుతుండు. వచ్చేసారికి వానికి వయసు దాటిపోతది. వానికి ఇదే ఆఖరు. నీకేం, ఇంకా మస్తు ఏండ్లున్నయి."

"ఆడపిల్లకు ఏండ్లుంటయా బాపూ," అంది మమత.

గట్టిగా కూడా అనలేదు. గణేష్ బూట్ల లేసులు కట్టుకుంటూ తల ఎత్తలేదు. తల్లి ఎంకమ్మ చాయ్ గిన్నె దించి, పొయ్యి ఆర్పి, మళ్లీ వెలిగించింది. ఎందుకు వెలిగించిందో ఆమెకే తెలియలేదు.

"అవ్వా, నా నంబర్ ఏది?" అన్నాడు గణేష్ తల్లితో.

నంబర్లు దేవుడి గూట్లో ఉన్నాయి. ఆ ఇంటికి కొత్త వస్తువు ఏది వచ్చినా ఎంకమ్మ దాన్ని గూట్లో పెట్టి, పసుపు కుంకుమలు దిద్దితే గాని వాడనివ్వదు. కొత్త కొడవలి అయినా, మిక్సీ అయినా, గణేష్ బండి అయినా సరే. ఆ మధ్య కొత్త ఫోనుకు బొట్టు పెట్టి, మాట వినబడే సందులన్నీ పూడ్చేసిన మహాతల్లి ఆమె. నిన్న మొయినాబాద్‌లో పిల్లల ఛాతీకి పెట్టుకోమని ఇచ్చిన నంబర్ కాగితాలను మాత్రం వదులుతుందా? ఇంకా చీకటి ఉండగానే లేచి, స్నానం చేసి, పసుపు తడిపి రెండింటికీ బొట్లు పెట్టింది. గణేష్ ముదురు. మూడేళ్లుగా గ్రౌండ్లు తిరిగినవాడు కాబట్టి తన కాగితాన్ని ముందే ప్లాస్టిక్ కవరులో దూర్చాడు. బొట్టు ఆ కవరు మీద పడింది. మమతది ఉత్త కాగితం, దాని మీద స్కెచ్ పెన్నుతో రాసిన అంకెలు. దానికి బొట్లు పెట్టాక కూడా ఎంకమ్మ వేలు మరోసారి పసుపు గిన్నెలోకి పోయింది.

గణేష్ కవరు తీసుకొని కళ్లకు అద్దుకున్నాడు. తండ్రి కాళ్లు జరిపి దారి ఇచ్చాడు. బండి చప్పుడు సందు చివర దాకా వినబడి ఆగిపోయింది.

ఎంకమ్మ కొంగు బిగించింది. "లేవయ్యా, జర పక్కకు జరుగు. పిల్లను నేనే తోలుకపోత తొట్టి కాడికి."

హన్మంతు పెళ్లాం ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె తనతో అబద్ధం చెప్పి ఎరగదు. ఆ నమ్మకం మీదే లేచి పక్కకు జరిగాడు.

సందు దాటాక తొట్టికి ఎడమవైపు పోవాలి. ఎంకమ్మ కుడికి తిరిగింది.

"అవ్వా, తొవ్వ తప్పినవ్."

"తప్పలే. నడువు."

మమత నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఎంకమ్మ రొండిన దోపుకున్న నంబర్ కాగితం తీసి కూతురి చేతిలో పెట్టింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే ఏడుపొస్తుందని ఇద్దరికీ తెలుసు. చేవెళ్ల పోయే షేర్ ఆటో ఆపి ఎక్కి కూర్చున్నారు. ఆటోలోనే మమత కాగితాన్ని పిన్నులతో టీషర్టుకు పెట్టుకొని, పైన చున్నీ కప్పుకుంది.

*

చేవెళ్ల కాలేజీ గ్రౌండు చూసి ఎంకమ్మ ఆటో దిగిన చోటే నిలబడిపోయింది.

జాతరకు పోయింది, కూరగాయల మార్కెట్‌కు పోయింది. ఇంతమంది వయసు పిల్లలను ఒక్కచోట ఇంత కుదురుగా ఆమె ఎన్నడూ చూడలేదు. జన్వాడ నుంచి, చిల్కూరు నుంచి, పేరు కూడా వినని ఊళ్ల నుంచి వచ్చారు. సున్నంతో గీసిన తెల్లటి గీతలు గ్రౌండు చుట్టూ తిరిగి మళ్లీ మొదటికి వచ్చాయి. ఆడపిల్లలు, అయ్యో, ఎంతమంది ఆడపిల్లలు. చెప్పులు విడిచిన వాళ్లు, జడలు బిగించి కట్టిన వాళ్లు, తల్లి చెయ్యి పట్టుకొని వచ్చిన వాళ్లు. వాళ్లందరి నడుమ ఖాకీ బట్టల్లో ఒక ఆడమనిషి మైకు పట్టుకొని తిరుగుతోంది. ఆమె చెయ్యి ఎత్తితే గుంపు ఆగుతోంది, దించితే కదులుతోంది.

"ఆమెనే ఎస్సై మేడమ్. అరుణజ్యోతి," అంది మమత.

"ఆడామె మాట గింతమంది మొగోళ్లు వింటున్నరా," అంది ఎంకమ్మ. కూతురు నవ్వింది. వారం రోజుల్లో ఆ పిల్ల ముఖంలో నవ్వు చూడడం అదే మొదలు.

మగపిల్లల పరుగు అప్పుడే అయిపోయింది. గణేష్ నెగ్గాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని రొప్పుతూ తల ఎత్తేసరికి ఎదురుగా అవ్వా చెల్లే. వాడి ముఖంలోని సంతోషం దిగిపోయింది.

"బాపుకు తెలుసా?"

"తెల్వదు," అంది ఎంకమ్మ.

"నేను చెప్తే?"

"చెప్పుకో, అన్నా," అంది మమత.

గణేష్ చెల్లెలి వైపు చూడలేదు. తల్లితోనే అన్నాడు, "అవ్వా, నేను నెగ్గిన. ఇదీ నెగ్గిందనుకో. ఇంటికి ఒక్కరే అన్నరు. అప్పుడేం జేస్తవ్?"

ఎంకమ్మ అంతదూరం ఆలోచించలేదు. గడప దాటించడం దగ్గరే ఆమె ఆలోచన ఆగిపోయింది. "ముందుగాల దాన్ని ఉరుకనీ బిడ్డా," అంది. గణేష్ పోయి గోడ నీడలో నిలబడ్డాడు.

ఆడపిల్లలు రెండు చుట్లు ఉరకాలి. ఈల వినబడగానే గుంపు కదిలింది. మొదటి చుట్టులో మమత గుంపు నడుమ ఎక్కడుందో కూడా కనబడలేదు. ఎంకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. రెండో చుట్టు సగానికి వచ్చేసరికి ఒక్కొక్కరే వెనకబడ్డారు. మమత మాత్రం అదే తీరుగా, ఎవరో వెనక నుంచి నెడుతున్నట్టు వస్తూనే ఉంది.

పుట్టిన నాటి నుంచి చూస్తున్న కూతురే. పటేల్ తోటలో మోకాళ్లలోతు నీళ్ల తొట్టిలో నిలబడి, మట్టి వదిలేదాకా క్యారట్‌ను కాళ్లతో తొక్కడం చూసింది. బిందెలు మోయడం చూసింది, కలుపు తీయడం చూసింది. ఉరకడం మాత్రం చూడలేదు. ఎప్పుడు ఉరికినా ఆగమని కసిరిందే తప్ప, ఉరకనిచ్చి చూసింది లేదు. ఇంత చక్కటి సంగతి తన ఇంట్లోనే ఉండి, ఇన్నేళ్లూ తన కంటపడలేదేమని ఎంకమ్మకు తన మీద తనకే కోపం వచ్చింది.

అందరికంటే ముందు గీత దాటింది మమతే.

గీత దగ్గర సుధాకర్ సార్ గడియారం పట్టుకొని నిలబడ్డాడు. వ్యాయామం నేర్పే సార్. "నంబర్ చెప్పమ్మా," అంటూ ఆమె ఛాతీ వైపు చూసి ఆగిపోయాడు. మమత తల దించి చూసుకుంది.

చెమటకు పసుపు కరిగింది, కుంకుమ కరిగింది, వాటితో పాటు స్కెచ్ పెన్ను రంగూ కరిగింది. కాగితం మీద అంకె అనేదే లేదు. ఎర్రగా, పచ్చగా, నల్లగా చారలు దిగి ఉన్నాయి.

"డెబ్బై నాలుగు సార్."

"నువ్వు ముందొచ్చినవని నేను చూసిన బిడ్డా. గానీ నోటిమాట మీద టైమ్ రాయొద్దు. ఛాతీ మీద నంబర్ కనబడాలె. అందరికీ అదే రూలు." ఆ మాట అనడానికి ఆయనకూ కష్టంగానే ఉంది.

ఎస్సై మేడమ్ వచ్చింది. కాగితాన్ని వేలితో తాకి, వేలికి అంటిన పసుపు చూసింది. "ఎవరు పెట్టిన్రు ఇది?"

ఎంకమ్మ గ్రౌండు చుట్టూ కట్టిన తాడు కింద నుంచి దూరి గ్రౌండులోకి వచ్చింది. ఎవరు ఆపుతున్నారో, ఎవరు అరుస్తున్నారో ఆమెకు వినబడలేదు. "నేనే మేడమ్. దేవుని కాడ బెట్టి బొట్టు పెట్టిన. తెల్వక పెట్టిన."

మేడమ్ నవ్వలేదు. కసరనూ లేదు. "మా అమ్మ కూడా నా హాల్ టికెట్‌కు పెట్టిందమ్మా. ఫోటో మీద పెట్టలే, అదే నా అదృష్టం," అంది.

మమత మాత్రం తల్లినే చూస్తోంది. రొప్పు ఇంకా ఆగలేదు. ఆ రొప్పులోనే, తల్లికి మాత్రమే వినబడేంత మెల్లగా అడిగింది.

"అవ్వా, గావాలనే చేసినవా? బాపుకు ఎదురు చెప్పలేక గిట్ల చేసినవా?"

కాదని చెప్పడానికి ఎంకమ్మ నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. ఏమని చెప్పాలి? పొద్దున మొగుడితో అబద్ధం ఆడిన నోరే కదా ఇది. కూతురు ఎట్లా నమ్ముతుంది?

"ఇంకో క్యాంపు ఎప్పుడుంటదో నేను చెప్పలేను," అంది మేడమ్ మమతతో. "ఇదే ఆఖరి గుంపు. మళ్ల ఉరుకుతనంటే ఒక్కదానివే ఉరుకాలె. జర కూసొని నీళ్లు తాగు. ఆ తర్వాత చెప్పు, ఉరుకుతవా?"

"ఉరుకుత మేడమ్."

"కూసోమన్న కదా."

"కూసుంటే కాళ్లు బిగుసుకుంటయి. ఇప్పుడే ఉరుకుత."

మేడమ్ కొత్త కాగితం తెప్పించి, మార్కరుతో పెద్దగా డెబ్బై నాలుగు రాసింది. పిన్నులతో సహా దాన్ని ఎంకమ్మ చేతికే ఇచ్చింది. "మీరే పెట్టండమ్మా."

ఎంకమ్మ ముందు తన రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంది. ఒకసారి తుడిచి, గోళ్ల సందుల్లో పసుపు కనబడి, మళ్లీ తుడిచింది. కూతురి గుండెలు ఎగసిపడుతుంటే, కాగితాన్ని ఒక చేత్తో అదిమి పట్టి పిన్ను గుచ్చింది. మమత ముఖం పక్కకు తిప్పుకొని నిలబడింది. వద్దని మాత్రం అనలేదు.

*

ఒక్క పిల్ల ఉరికితే ఆ గ్రౌండు ఎంత పెద్దగా కనబడుతుందో అక్కడ ఉన్నవాళ్లే చెప్పాలి.

ఈల వినబడింది. పొట్లాల్లో ఉప్మా తింటున్న మగపిల్లలు మొదట పట్టించుకోలేదు. ఈ పిల్ల ఇప్పుడే కదా ఉరికిందని ఒకడు పక్కవాడికి చెప్పాడు. ఆ మాట నోటికి నోటికి పాకింది. మమత మొదటి చుట్టు సగం దాటేసరికి తినేవాళ్లు తినడం మాని లేచి నిలబడ్డారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ కూత పెట్టలేదు. ఆ పిల్ల అడుగుల చప్పుడు ఈ చివర దాకా వినబడింది.

మొదటి చుట్టు బాగానే అయింది. రెండో చుట్టులో భుజాలు పైకి లేచాయి, మెడ వంగింది, అడుగు పొట్టిదైంది. ఎంకమ్మకు పరుగుల సంగతి ఏం తెలుసు? అయినా పిల్ల అలసిపోయిందని తెలిసిపోయింది. ఉన్నచోటే నేల మీద చతికిలబడింది.

అప్పుడు మూల మలుపు దగ్గర నుంచి ఒక గొంతు వినబడింది.

"మెడ దించకు. చేతులు ఊపు. చేతులు ఊపితే కాళ్లు అవే వస్తయి."

గణేష్. గోడ నీడ విడిచి ఎప్పుడు వచ్చాడో, తెల్లగీత బయట నిలబడ్డాడు. మూడేళ్లు తాను పడిన కష్టమంతా ఆ రెండు ముక్కల్లో చెప్పేశాడు. చెప్పాక, ఎందుకు చెప్పానా అన్నట్టు అక్కడే నేల వైపు చూస్తూ ఉండిపోయాడు.

మమత మెడ ఎత్తింది. చేతులు ఊగాయి. ఏం చెప్పమంటారు, ఆ చివరి మలుపు నుంచి ఆ పిల్ల వచ్చిన తీరు. ఎంకమ్మకు ఏడుపు రాలేదు, దండం పెట్టాలనిపించింది. కన్న కూతురికి దండం పెట్టకూడదంటారని గుర్తొచ్చి, ఎత్తిన చేతులను గుండెకు అదుముకుంది.

గీత దాటి మమత మట్టి మీద వెల్లకిలా పడిపోయింది. సుధాకర్ సార్ గడియారం చూసి, ఇంకోసారి చూసి, మేడమ్‌కు చూపించాడు. "మొదటిదానికన్న జర ఎక్కువ పట్టింది మేడమ్. గానీ పెట్టిన టైమ్ లోపలే వచ్చింది."

అప్పుడు మోగాయి చప్పట్లు. గ్రౌండు అన్ని దిక్కుల నుంచీ మోగాయి. మేడమ్ తానే వంగి చెయ్యి ఇచ్చి మమతను లేపింది. "యాడ ప్రాక్టీస్ చేసినవ్?"

"క్యారట్ తొట్ల, మేడమ్."

మేడమ్‌కు అర్థం కాలేదు. భుజం తట్టి, పేరూ ఊరూ తండ్రి పేరూ అడిగింది. మమత చెప్పింది. మేడమ్ కాస్త ఆగి, గీత బయట నిలబడ్డ గణేష్ వైపు తిరిగింది. "హిమాయత్‌నగర్, హన్మంతు. నువ్వు కూడా గదే ఇల్లు కదా?"

"అవును మేడమ్. నా చెల్లె."

మేడమ్ ముఖంలో సంతోషం తగ్గింది. "ఇద్దరూ మంచిగ ఉరికిన్రు. గానీ సీట్లు తక్కువున్నయి, ఊళ్లు ఎక్కువున్నయి. ఇంటికి ఒక్కర్నే తీసుకుంట. నేను చెప్పేది కాదు అది, మీ ఇంట్ల తేల్చుకునేది." ఆమె ఎంకమ్మ వైపు చూసింది. "చెప్పండమ్మా. ఎవరిని పంపిస్తరు?"

ఎంకమ్మ లేచి నిలబడింది. జీవితంలో ఆమెను ఇట్లాంటి మాట ఎవరూ అడగలేదు. ఏ పంట వెయ్యాలో అడగలేదు, ఏ బడికి పంపాలో అడగలేదు. అడిగితే చెప్పాల్సింది ఆయన, తలూపాల్సింది తాను.

గణేష్ దగ్గరికి వచ్చాడు. "అవ్వా, బాపు పొద్దుగాల ఏమన్నడో యాదికున్నదా?"

యాదికున్నది. వాడి మూడేళ్లూ యాదికున్నాయి. తెల్లారకముందే లేచి వాడికి జావ కాచింది తానే. పోయినసారి ఫెయిలై వచ్చి వాడు అన్నం ముందు కూర్చొని తినకుండా లేచిపోతే, ఆ రాత్రి తానూ తినలేదు. వాడికి ఇదే ఆఖరు. చెడ్డ కొడుకు కాదు. చెడ్డవాడైతే చెప్పడం ఎంత సులువుగా ఉండేది. మమత ఏమీ అడగడం లేదు. మట్టి అంటిన అరచేతులు చూసుకుంటూ నిలబడి ఉంది. తల్లి ఏం చెబుతుందో తనకు ముందే తెలుసన్నట్టు ఉంది ఆ నిలబడడం.

"మమత," అంది ఎంకమ్మ. "మమత పోతది మేడమ్."

తన నోట్లోంచి వచ్చిన మాటను తానే వింతగా విన్నది. మాట వణకలేదు. అదే ఆమెకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించింది.

గణేష్ తన నంబరుకున్న పిన్నులు ఒక్కొక్కటిగా తీశాడు. ప్లాస్టిక్ కవరును మడత పెట్టకుండా తల్లి చేతిలో పెట్టాడు.

"బాపుకు ఏం చెప్పుకుంటవో చెప్పుకో. నేను ఇంటికి రాను," అన్నాడు. అరవలేదు. గోడ పక్కన పెట్టిన బండి దగ్గరికి నడిచాడు.

ఎంకమ్మ చేతిలోని కవరును మమత చూసింది. దాని మీద పసుపు ఎండి గట్టిపడి ఉంది. నడుమ కుంకుమ బొట్టు చెక్కుచెదరలేదు. మమత దాన్ని చేతిలోకి తీసుకొని చాలాసేపు చూసింది.

"అన్నకు కూడా పెట్టినవా అవ్వా?"

ఇంతసేపూ చెప్పలేకపోయిన మాట అప్పుడు బయటపడింది. కొడుకు ఇంకా నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడని ఎంకమ్మకు గుర్తు లేదు. కూతురి ముఖం తప్ప ఆమెకు ఇంకేమీ కనబడలేదు.

"ఇద్దరికీ పెట్టిన బిడ్డా. నీకే జర ఎక్కువ పెట్టిన."

మమత తల్లిని గట్టిగా పట్టుకుంది. ఆ భుజం మీదుగా ఎంకమ్మ చూసింది. బండి తాళం తిప్పబోయిన గణేష్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. వాడు మెల్లగా తల తిప్పి తల్లి వైపు చూశాడు. ఆ మాట వాడికీ వినబడింది.